వీఆర్ ల్యాబ్‌ల జ్యూరీ పెట్టె ఉన్నది, మన గెట్టు పంచాయితీ లేదు. లా పిల్లలకు ఇది పనికొస్తదా?

సుబేదారి_ఫైనలియర్
హన్మకొండల మూడేండ్ల ఎల్‌ఎల్‌బీ, ఆఖరి సంవత్సరం. మా కాలేజీల మొన్న ఎండాకాలం ఆరు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు తెచ్చిన్రు, కండ్లకు కట్టుకుంటే వేరే చోట ఉన్నట్టు కనబడతది. ప్రారంభం నాడు ఫొటోలు దిగిన్రు, తెల్లారి గదికి తాళం పడ్డది. అడిగి అడిగి పోయిన వారం ఒక గంట తీయించినం. పెట్టుకొని చూస్తే లోపల అమెరికా కోర్టు హాలు. ఒక పక్క పన్నెండు కుర్చీల జ్యూరీ పెట్టె (తీర్పు చెప్పే మామూలు జనం కూసునేది), జడ్జి చేతిల చెక్క సుత్తి, "ఆబ్జెక్షన్" అని నొక్కడానికి ఎర్ర బటను. మన దగ్గర జ్యూరీని 1973 సీఆర్‌పీసీతోనే, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టంతోనే, లేకుండ చేసిన్రు. సుత్తి కొట్టే జడ్జిని అదాలత్‌ల నేను ఇంతవరకు చూడలే.

నా బాధ హెడ్‌సెట్ల గురించి కాదు. ఇంకో ఏడాదికి నల్లకోటు ఏసుకోవాలె. ఇప్పటిదాకా ఒక్క సాక్షిని క్రాస్ (అవతలి పక్క సాక్షిని ప్రశ్నలడుగుడు) చెయ్యలే, ఒక్క క్లయింటు ముందు కూసొని మాట్లాడలే. మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టుల వాదించుడు) పేపరంటే మూడు మూట్లు, ఒక్కోదానికి 10 మార్కులు, ప్రింటు తీసిన మెమోరియల్, అంటే రాసుకున్న వాదన, చూసి చదువుడు. అసలు ఈ వర్చువల్ లోకం లా నేర్పడానికి పనికొస్తదా? వస్తే అది ఎట్లుండాలె? ప్రిన్సిపాల్ సార్‌ను కలిసే ముందు తెలిసినోళ్లను అడిగి పోదామని రాస్తున్న.

కాజీపేట_జంక్షన్
ఆ ఎర్ర బటను మన కోర్టుల ఉంటే వారానికోటి అరిగిపోతది.

నర్సంపేట_మిర్చి
ఆరు హెడ్‌సెట్లు సరే, క్లాసుల ఎంతమంది తమ్మీ?

సుబేదారి_ఫైనలియర్
అరవై నాలుగు అన్నా.

అదాలత్_నల్లకోటు
హన్మకొండ కోర్టుల ఇరవై ఆరేండ్ల ప్రాక్టీసు నాది. తమ్మీ, నీ కాలేజీ నుంచి కోర్టుకు నడిచి రావచ్చు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (బీసీఐ) 2008 రూల్స్‌లనే ఉన్నది, సివిల్ ఒకటి, క్రిమినల్ ఒకటి, రెండు కేసుల విచారణ కూసొని చూసి రాయాలె, దానికి 30 మార్కులు. ఏటా ఫైనలియర్ పిల్లలు గుంపుగ వస్తరు. పదిన్నరకు హాల్లో, పదకొండున్నరకు క్యాంటీన్ల. డైరీ ఒకరిది చూసి ఇంకొకరు రాస్తరు. కండ్ల ముందున్న కోర్టును చూడకుండ కండ్లకు డబ్బా కట్టుకొని ఇంకో కోర్టును చూసుడు ఎందుకో నాకు సమజ్ కాదు.

కాల్ వర్క్, అంటే కేసులు వరుసగ పిలుసుడు, నడిచేటప్పుడు ఏ పార్టీ ఎట్ల ఉరికొస్తడు, బోనెక్కినంక సాక్షి చేతులు ఎక్కడ పెట్టుకోవాలనో తెల్వక ఎట్ల తిప్పలు పడతడు, జడ్జిగారు వాంగ్మూలం రాయించేటప్పుడు సాక్షి చెప్పిన పది మాటలల్ల ఏ నాలుగు కాగితం మీదికి ఎక్కుతయి. మాకు వకాలత్ నేర్పింది ఇవి.

ములుగు_ఆడబిడ్డ
నల్లకోటు సార్, మీ మాటకు అడ్డం చెప్తున్నందుకు ఏమనుకోవద్దు. చదివేటప్పుడు నేను ములుగు నుంచి రోజూ బస్సుల వచ్చేదాన్ని. కోర్టుకూ పోయిన, డైరీ నా చేతితోనే రాసిన. వెనక బెంచి మీద కూసుంటే ఫ్యాను సప్పుడే వినబడ్డది. సాక్షి ఏం చెప్పిండో జడ్జిగారికి, స్టెనోకు, ముందటి ఇద్దరు వకీళ్లకే ఎరుక. చీఫ్, అంటే సాక్షిని పిలిచిన పక్క వకీలు అడిగే ప్రశ్నలు, ఇయ్యాల అయితే క్రాస్ మూడు నెలలకు. నడుమ నా పరీక్షలే అయిపోయినయి. ఆ కేసు ఏమైందో ఇప్పటికీ తెల్వది.

ఎన్‌రోల్ అయి రెండేండ్లు. ఒకనాడు సీనియర్ సార్‌కు హైకోర్టుల పని పడ్డది, క్రాస్ నన్ను చెయ్యమన్నరు. నోట్స్ రాసుకొనే పోయిన. మూడో ప్రశ్నకు సాక్షి నేను అనుకోని జవాబు చెప్పిండు. ఇగ నోరు పెగల్లే. రెండు నిమిషాలు కాగితాలు తిప్పి "అంతే సార్" అని కూసున్న. మా క్లయింటు పెద్దాయన. బయటికొచ్చినంక నన్ను ఒక్క మాట అనలే. "మంచిగనే అడిగినవ్ బిడ్డా" అన్నడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టది. సూది ఏసుడు నేర్చుకునేటోళ్లు ముందుగాల బొమ్మ మీద నేర్చుకుంటరు. నాకు అసుంటి బొమ్మ ఒక్కటి దొరికి ఉంటే ఆ పెద్దాయన మీద నేర్చుకునే అవసరం వచ్చేది కాదు.

అదాలత్_నల్లకోటు
నా మొదటి క్రాస్ గుర్తుకు తెచ్చినవ్ బిడ్డా. నువ్వు చెప్పింది నేను కాదనలేను. అయితే అమెరికా కోర్టు బొమ్మ ఆ లోటు తీరుస్తదంటే మాత్రం ఒప్పుకోను.

పాకాల_పంతులు
లా కాలేజీలో పదిహేనేళ్లుగా సాక్ష్య చట్టం చెబుతున్నాను. ఈ విషయం మీద కొంత చదివాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. సెకండ్ లైఫ్ అనే వర్చువల్ లోకం 2003లో వచ్చింది. అందులో ఎవరైనా ఒక బొమ్మ రూపం, అంటే అవతారం, ఎత్తి తిరగొచ్చు, స్థలం తీసుకొని ఇల్లు కట్టొచ్చు, మాట్లాడుకోవచ్చు. 2006లో హార్వర్డ్ లా స్కూల్ ప్రొఫెసర్ చార్లెస్ నెస్సన్, ఆయన కూతురు రెబెక్కా నెస్సన్ కలిసి సైబర్‌వన్ అనే కోర్సును అందులో నడిపారు. తమ లా స్కూల్లోని ఆస్టిన్ హాలు నమూనాను అక్కడ కట్టుకున్నారు. బయటి జనం కూడా వచ్చి కూర్చునే వీలు కల్పించారు. ఇది బాగా పేరుకెక్కింది. కానీ చూడండి, అక్కడ కట్టింది మళ్లీ ఒక క్లాసు గదే. గోడలు మారాయి, పాఠం చెప్పే తీరు పెద్దగా మారలేదు.

నాకు నచ్చింది ఇంకొకటి, దాని పేరు తక్కువమందికే తెలుసు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో, స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీలో పాల్ మహార్గ్ అనే అధ్యాపకుడు, ఆయన బృందం ఆర్డ్‌కలాక్ అనే లేని ఊరిని సృష్టించారు. త్రీడీ బొమ్మలు లేవు, హెడ్‌సెట్ లేదు. ఒక వెబ్‌సైటు, ఊరి పటం, ఆ ఊరి దుకాణాలు, బ్యాంకులు, మనుషులు, కాగితాలు. విద్యార్థులు నలుగురు నలుగురుగా ఒక్కో వకీలు ఆఫీసు పెట్టుకోవాలి. ఒక ఇంటి అమ్మకం, చనిపోయినవాళ్ల ఆస్తి పంపకం, గాయపడిన మనిషి పరిహారం మీద బేరసారం. ఇవన్నీ వారాల తరబడి ఉత్తరాలు రాసి, రికార్డులు అడిగి తెప్పించి, అవతలి ఆఫీసుతో వాదులాడి ముగించాలి. మీరు ఉత్తరం రాస్తే ఊళ్లోని ఆ పాత్ర తరఫున సిబ్బంది జవాబు రాసేవారు. మీరు అడగకపోతే ఏ కాగితమూ దానంతట అది మీ దగ్గరికి రాదు.

మన పిల్లలకు లేనిది ఇదే. పరీక్ష పేపర్లో వాస్తవాలన్నీ ముందే వరుసగా ముద్రించి ఇస్తాం, "నిర్ణయించుము" అంటాం. నిజం కేసులో వాస్తవాలు ముక్కలు ముక్కలుగా, సగం అబద్ధంతో, తప్పు తారీఖులతో వస్తాయి. వాటిని ఏరుకునే పని మేము ఎక్కడా నేర్పడం లేదు. అందుకే ఫైనలియర్ బాబుకు నా సలహా: కోర్టు హాలు కట్టమని అడగకు. కోర్టు నీకు పక్కనే ఉంది. కోర్టు దాకా రాని చోటును కట్టమను. చేను, పోలీస్ స్టేషన్, తహశీల్ ఆఫీసు, క్లయింటు ఇంటి అరుగు.

సుబేదారి_ఫైనలియర్
సార్, ఆఖరి నాలుగు లైన్లు కాగితం మీద రాసుకున్న.

కాజీపేట_జంక్షన్
ఆ సెకండ్ లైఫ్‌ల స్థలం కొంటరంటున్నరు. మరి దాని మీద గెట్టు పంచాయితీ గిట్ల అయిందా?

పాకాల_పంతులు
అయింది. పెన్సిల్వేనియాలో మార్క్ బ్రాగ్ అనే వకీలు అందులో వేలంలో స్థలం చాలా చవగ్గా పట్టాడు. వేలం పద్ధతిలోని లొసుగు వాడుకున్నాడని కంపెనీ లిండెన్ ల్యాబ్ ఆయన ఖాతాను మూసేసింది, స్థలమూ సొమ్మూ పోయాయి. ఆయన దావా వేశాడు. మా షరతుల ప్రకారం కోర్టుకు కాదు, ఆర్బిట్రేషన్‌కే, అంటే మధ్యవర్తి దగ్గరికే, పోవాలని కంపెనీ అంది. 2007లో ఫెడరల్ కోర్టు ఆ షరతు ఒకవైపే మొగ్గిందని, దాన్ని అమలు చేయనని చెప్పింది. తర్వాత ఇద్దరూ రాజీపడ్డారు. "ఐ అగ్రీ" నొక్కి మనం ఒప్పుకునే షరతుల గురించి చెప్పేటప్పుడు నేను క్లాసులో ఈ కేసుతోనే మొదలుపెడతాను. మన 2019 వినియోగదారుల చట్టంలో అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో సెక్షన్ 2(46)లో ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చదివిస్తాను.

పోచమ్మమైదాన్_కోడర్
నేను లా కాదు, సాఫ్ట్‌వేర్. ఇంటి నుంచే పని. ఇసుంటి త్రీడీ చోట్లు కట్టుడు నాకు వచ్చు గనుక చెప్తున్న.

మొదటిది, వేరేవాళ్ల సర్వర్ల మీద కట్టకున్రి. గూగుల్ లైవ్లీ అని 2008 జులైల పెట్టి డిసెంబర్ల మూసేసింది. మొజిల్లా హబ్స్ మస్తు మంచిగుండే, లింకు పంపితే ఫోన్లనే తెరుచుకునేది, ఎందరో టీచర్లు వాడిన్రు. 2018ల మొదలై 2024 మేల బందయింది. సెకండ్ లైఫ్ చదువు సంస్థలకు సగం ధరకే స్థలం ఇస్తుండే, 2011 నుంచి ఆ రాయితీ తీసేసిన్రు. కట్టుకున్న భవనాలు ఇడిచిపెట్టి మస్తుమంది పోయిన్రు. 2013ల రాయితీ మళ్ల ఇచ్చిన్రు గని పోయినోళ్లు తిరిగి రారు గద. కిరాయి చేన్ల బాయి తవ్వినట్టే.

రెండోది, ఓపెన్‌సిమ్యులేటర్ అని 2007 నుంచి ఉన్నది. పైసా లేదు, సెకండ్ లైఫ్ తీరుగనే ఉంటది. కాలేజీల ఒక మంచి కంప్యూటర్ ఉంటే సర్వర్ దాంట్లనే నడుస్తది. ఇంటర్నెట్ పోయినా కాలేజీ లోపట నడుస్తది.

మూడోది, హెడ్‌సెట్ తప్పనిసరి కాదు. అరగంట పెట్టుకుంటే కొందరికి తల తిరుగుతది, కడుపుల తిప్పుతది. కండ్లు కదులుతున్నమంటయి, ఒళ్లు కూసున్నమంటది. లోపలి చెవి దగ్గర లెక్క తప్పుతది. మామూలు కంప్యూటర్ తెర చాలు. అది కూడా లేకపోతే ఒక చేనుకు పోయి 360 డిగ్రీల ఫొటోలు నాలుగు చోట్ల నుంచి తీసి కలిపినా పని నడుస్తది, అది ఫోన్ల కూడా తెరుచుకుంటది.

నర్సంపేట_మిర్చి
అన్నా, ఎంత చెప్పినా ఇది వీడియో గేమే. పిల్లలు ట్రాక్టర్ ఎక్కి తిరుగుతరు, కేసు ఎవడు చూస్తడు?

పోచమ్మమైదాన్_కోడర్
మొదటి పది నిమిషాలు తిరుగుతరు, తిరగనియ్యాలె. చేను ఎట్లున్నదో తెలుసుడు కూడా కేసే గద.

రిటైర్డ్_ఏఎస్సై_పరకాల
ముప్పై మూడేండ్ల సర్వీసు చేసిన. పంతులు సార్ చేను అన్నరు గనుక రాస్తున్న.

సీన్ ఆఫ్ అఫెన్స్‌కు, అంటే నేరం జరిగిన జాగకు, పోయినంక ఇద్దరు పంచుల (సాక్షిగ నిలబడేటోళ్ల) ముందట అక్కడ కనబడ్డది పంచనామా రాస్తం, రఫ్ స్కెచ్ గీస్తం. స్కెచ్ అంటే ఒక తెల్లకాగితం, నడుమ గుణకారం గుర్తు, చుట్టూ ఉత్తరానికి వీళ్ల చేను, దక్షిణానికి వాళ్ల చేను, ఒక బాట. చార్జిషీట్‌ల అది కూడా పోతది. దాన్ని శ్రద్ధగా చూసే వకీళ్లను నా సర్వీసుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక కేసు చెప్తా. గెట్టు కాడ కొట్లాట, గొడ్డలి తిరగేసి కొట్టిండని. యాప చెట్టు కింద కూసొని చూసిన్నని ఒక సాక్షి. స్కెచ్‌ల యాప చెట్టున్నది, గెట్టున్నది, నడుమ గీత కూడా ఉన్నది. ఆ రెంటి నడుమ మోటరు డబ్బా పెట్టిన రేకుల షెడ్డు ఒకటుండె, స్కెచ్ గీసినోడు దాన్ని గీయలే. ముద్దాయి వకీలు ఒకనాడు సొంతంగ బండేసుకొని ఆ చేనుకు పోయిండు. యాప చెట్టు కింద కూసొని చూసిండు. షెడ్డు తప్ప ఏం కనబడలే. తెల్లారి క్రాస్ పావుగంటల అయిపోయింది. ఆ వకీలు ఏ చట్టం చదివిండో నాకెరుక లేదు గని చేనుకు పోవాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది. అది పిల్లలకు వచ్చేటట్టు చేస్తే నేను నా కర్చు పెట్టుకొని వచ్చి సాక్షి వేషం ఏస్త.

ఇప్పుడు సీఆర్‌పీసీ జాగల వచ్చిన కొత్త చట్టం ప్రకారం సోదాలు, జప్తులు వీడియో తియ్యాలె, బీఎన్‌ఎస్‌ఎస్ 105. ఏడేండ్లు, ఆపైన శిక్ష పడే నేరాలల్ల ఫోరెన్సిక్ వాళ్లు జాగకు పోవాలె, 176(3). ఈ చట్టం అమలైన 2024 జులై 1 తర్వాత లాకు వచ్చే పిల్లలు కాగితమే కాదు, చోటును కూడా చదవాలె.

ములుగు_ఆడబిడ్డ
ఏఎస్సై సార్, మీరు సాక్షి అయితే నేను మళ్ల క్రాస్ చేస్త. ఈసారి కాగితాలు తిప్ప.

మానేరు_మిత్ర
నాకొక అనుమానం. బొమ్మ మొఖం చూసి క్రాస్ ఎట్ల నేర్చుకుంటరు? సాక్షి నడవడిక మీద జడ్జి రాసుకునేందుకు పాత సీఆర్‌పీసీ 280 ఉండె, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 315. అవతారానికి చెమట పట్టదు, గొంతు తడారిపోదు. ఇంకోటి, 2007ల స్టాన్‌ఫర్డ్‌ల నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అని ఇద్దరు పరిశోధకులు చూసిన్రు, పొడుగు అవతారం ఇస్తే మనిషి బేరం ఆడేటప్పుడు గట్టిగ పట్టుబడతడట, పొట్టి అవతారం ఇస్తే తగ్గుతడట. మరి అక్కడ వచ్చిన ధైర్యం పిల్లలదా, బొమ్మదా?

ములుగు_ఆడబిడ్డ
మొఖం గురించి మీరన్నది నిజమే అన్నా. ధైర్యం సంగతి మాత్రం వేరేగ చూడున్రి. మా క్లాసుల పదిమంది ఆడపిల్లలు మూట్‌ల లేచి నిలబడితేనే వెనక నుంచి నవ్వులు వినబడేటియి. ఒకామె చదువుల ఫస్టు, నోరు తెరవకుండనే డిగ్రీ అయిపోయింది. బొమ్మ చాటున అయినా ఆమె గొంతు ఒక్కసారి బయటికి వస్తే, రెండోసారి బొమ్మ లేకుండ రావచ్చు.

అదాలత్_నల్లకోటు
మానేరు అన్న పాయింటు నాది కూడా. అందుకని సాక్షి మాత్రం మనిషే కావాలె, ఎదురుంగ కూసోవాలె. చేను తెర మీద ఉండనీ, బోను గదిలనే ఉండనీ. తెర మీద చేను తిరిగి చూసొచ్చి, మనిషిని మొఖాముఖి క్రాస్ చెయ్యాలె. అట్లయితే నేను కాదనను.

పాకాల_పంతులు
నల్లకోటు గారూ, నేను అరపేజీ రాసి చెప్పలేనిది మీరు రెండు ముక్కల్లో చెప్పారు. అలాగే చేద్దాం.

జోడేఘాట్_గాలి
ఆసిఫాబాద్ దిక్కు నుంచి. మా ఊళ్ల సాక్షులు మాట్లాడేది గోండి. కోర్టుల నడుమ మనిషి తెలుగుల చెప్తడు, అది ఇంగ్లీషుల టైపు అయితది. మా పెద్దవ్వ ఒక భూమి కేసుల సాక్ష్యం చెప్పింది. ఆ చేను ఎవరిదని అడిగితే తాత కాలం నుంచి ఎవరు దున్నిన్రు, ఏ ఏడు ఎవరు చచ్చిపోయిన్రు, పొలిమేర రాయి ఎవరు పాతిన్రు, అన్నీ చెప్పింది. తెలుగుల ఒక్క లైను వచ్చింది, "మాదే అంటున్నది". ఆమె చెప్పినదాంట్ల అవతలోళ్లకు పనికొచ్చేది ఉండె, మాకు పనికొచ్చేది కూడా ఉండె. రెండు దిక్కుల వకీళ్లకూ ఏం అందలే.

మీరు కట్టే ఊళ్ల తెలుగు రాని సాక్షి ఒక్కరన్నా ఉండాలె. నడుమ మనిషితోని ప్రశ్నలు అడుగుడు కూడా ఒక విద్యనే. చిన్న చిన్న ప్రశ్నలు అడగాలె, ఒక్కో జవాబు పూర్తిగ తర్జుమా అయ్యేదాకా ఆగాలె. ఇది ఏ కాలేజీల చెప్తున్నరు?

పాకాల_పంతులు
ఎక్కడా చెప్పడం లేదు. పదిహేనేళ్లలో నేనూ చెప్పలేదు. మీరు గొంతు రికార్డు చేసి ఇవ్వగలరా?

జోడేఘాట్_గాలి
మా చెల్లె ఇస్తది, నేను నడుమ మనిషి వేషం ఏస్త.

నర్సంపేట_మిర్చి
నిజం కేసు ఫైలు తీసుకొని కడదామని ఎవరన్నా అంటరేమో. జాగ్రత్త. అత్యాచారం కేసుల బాధితురాలి పేరు, ఆమెను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టుడు బీఎన్‌ఎస్ (ఐపీసీ జాగల వచ్చిన చట్టం) 72 కింద నేరం. త్రీడీల ఆమె ఇల్లు, వాడకట్టు అచ్చం దించితే పేరు రాయకున్నా ఊరోళ్లు గుర్తుపడతరు. మామూలు కేసుల కూడా నిజం మనుషుల గొడవను ఆట చేసుడు మంచిగుండదు. కథ అల్లుకున్నదే వాడున్రి.

మానేరు_మిత్ర
ఒప్పుకుంట. ఇంకో సంగతి, కోర్టులే అటు నడుస్తున్నయి. కొలంబియాల 2023 ఫిబ్రవరిల ఒక జడ్జి మెటావర్స్‌ల, అంటే త్రీడీ వర్చువల్ లోకంల, రెండు గంటలు విచారణ పెట్టింది, వకీళ్లు అందరు అవతారాలతోని వచ్చిన్రు. కేరళల కొల్లంల చెక్ బౌన్స్ కేసులకు 24 గంటలు నడిచే ఆన్‌లైన్ కోర్టు 2024ల మొదలైంది. బీఎన్‌ఎస్‌ఎస్ 530 విచారణలు ఎలక్ట్రానిక్ పద్ధతిల నడపొచ్చంటున్నది. పిల్లలకు రెండు తీర్ల అలవాటు కావాలె.

సుబేదారి_ఫైనలియర్
మూడు వారాలైంది. ఏం జరిగిందో రాస్తున్న, కొంచెం పెద్దగుంటది.

ప్రిన్సిపాల్ సార్ కోపం చెయ్యలే. శనివారం పగటియాల్ల తర్వాత ల్యాబ్ తాళం మాకే ఇచ్చిన్రు. కోడర్ అన్న ఓపెన్‌సిమ్యులేటర్ల ఎకరంన్నర జాగ కట్టి ఇచ్చిండు. రెండు చేన్లు, నడుమ గెట్టు, ఒక యాప చెట్టు, ఒక బాయి, మోటరు షెడ్డు, ఒక మంచె. పక్కనే చిన్న బటను, నెల మార్చేది. జూన్ పెడితే చేను మోకాలెత్తు, సెప్టెంబర్ పెడితే మక్క చేను మనిషికంటే ఎత్తు. కథ పాకాల సార్ రాసిన్రు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, స్కెచ్, డాక్టర్ సర్టిఫికెట్, సాక్షి పోలీసులకు చెప్పిన మాటలు, అన్నీ కాగితాల మీద ఇచ్చిన్రు. కేసు బీఎన్‌ఎస్ 115(2), 118(1), 126(2), అంటే కొట్టుడు, ఆయుధంతోని కొట్టుడు, అడ్డగించుడు.

తొమ్మిది మందిమి వచ్చినం. మొదటి పావుగంట అందరం బాయిల దుంకినం. ఒకడు మంచె మీద నుంచి దిగుడు తెల్వక అక్కడనే ఉండిపోతే కోడర్ అన్న దించిండు. తర్వాత ఒక్కొక్కరు యాప చెట్టు కింద నిలబడి చూసినం. షెడ్డు అడ్డం లేదు, గెట్టు మంచిగ కనబడ్డది. ఇగ సాక్షి చూసినట్టే అని రాసుకున్నం. నెల బటను మా ముందటనే ఉన్నది, జూన్ మీద ఉన్నది, ఎవలం చూడలే. మా ఫ్రెండ్ ఒకామె ఒక్కతే ఎఫ్‌ఐఆర్‌ల తారీఖు చూసింది, సెప్టెంబర్ 19. ఆమె బటను తిప్పింది. గెట్టు మాయమైంది, మక్కలే ఉన్నయి. ఆ గదిల ఎంత సప్పుడు లేకుండ అయిందో నాకింకా గుర్తున్నది.

తర్వాత పక్క గదిల బోను. కుర్చీలు తిరగేసి కట్టినం. సాక్షి ఏఎస్సై సార్, తలకు రుమాలు కట్టుకొని వచ్చిన్రు. నల్లకోటు సార్ జడ్జి. క్రాస్ నాది. అడిగిన, "ఆ రోజు మక్క చేను మీకంటే ఎత్తున్నది, అవునా?" "అవును సారూ." "యాప చెట్టు కింద నుంచి చూస్తే మక్కలే కనబడతయి, అవునా?" "అవును సారూ." అప్పుడు నేను ఆగితే అయిపోయేది. గెలిచిన్నన్న జోరుల ఇంకోటి అడిగిన, "మరి మీరు కొట్లాట ఎట్ల చూసిన్రు?" ఏఎస్సై సార్ మెల్లగ, "పిట్టలు కొట్టనీకి మంచె ఎక్కిన సారూ, లొల్లి ఇనబడి అటు తిరిగిన" అన్నరు. నేను కట్టుకున్నదంత ఒక్క జవాబుకు కూలిపోయింది.

అదాలత్_నల్లకోటు
ఆ మంచె సంగతి పోలీసులకు చెప్పిన మాటలల్ల లేదు. అక్కడ పట్టుకొని ఉంటే బతికేటోడు. ఇంత పెద్ద సంగతి అప్పుడు చెప్పలేదు గద అని ఆ వాంగ్మూలం ముందల పెట్టాలె, కొత్త సాక్ష్య చట్టం బీఎస్‌ఏ 148. అది కూడా మరిచిపోయిండు. నేను లేచి ఒక్కటే చెప్పిన, క్రాస్‌ల "ఎట్ల", "ఎందుకు" అని అడిగితే తలుపు తీసి సాక్షిని లోపలికి పిలిచినట్టు. మా సీనియర్ నాకిది చెప్పింది 1999ల, ఒక మనిషికి శిక్ష పడ్డంక. మళ్ల మొదటికెళ్లి చేయిపిచ్చిన. రెండోసారి ములుగు బిడ్డ చేసింది. మంచె ఎక్కడున్నది, దాని మీద నుంచి చూస్తే మొఖాలు కనబడతయా, వీపులా అని ముందుగాలనే తెర మీద పోయి చూసొచ్చింది. ఆరే ప్రశ్నలు అడిగింది. కూసునేటప్పుడు ఆమె మొఖం చూసిన.

ములుగు_ఆడబిడ్డ
సార్, మంచె మీద నుంచి వీపులే కనబడ్డయి.

రిటైర్డ్_ఏఎస్సై_పరకాల
నన్ను ఏడుసార్లు బోనెక్కించిన్రు. ఏడోసారి నేను నిజంగనే తడబడ్డ. సంతోషమైంది.

మానేరు_మిత్ర
హెడ్‌సెట్లు ఏం చేసిన్రు?

సుబేదారి_ఫైనలియర్
ఇద్దరం పెట్టుకున్నం, ఒకడికి కడుపుల తిప్పింది. మళ్ల డబ్బాల పెట్టి కంప్యూటర్లనే వాడినం. ఆ అమెరికా కోర్టు ఇగ తెరవలే.

పాకాల_పంతులు
వచ్చే నెలకు రెండో కేసు. సాదా బైనామా. 1990లలో తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, కొన్నాయన చనిపోయాడు, అమ్మినాయన కొడుకు పాస్‌బుక్ పేరు మీద భూమి నాదంటాడు. కొన్నాయన భార్య గోండి తప్ప మాట్లాడదు. ఈసారి కోర్టు అసలే లేదు. ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని, జోడేఘాట్ తమ్ముడి ద్వారా, ఆమె చెప్పేది విని రాసుకోవాలి. తహశీల్ ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటేనే పహాణీ, అంటే భూమి ఎవరి సాగులో ఉందో ఏటా రాసే రికార్డు, వస్తుంది. ఏ ఏడాది పహాణీ అడగాలో మేము చెప్పం. రిజిస్ట్రేషన్ లేని కాగితానికి ఎంత విలువో, స్వాధీనం ఉంటే ఏమవుతుందో, 2025లో వచ్చిన భూభారతి అనే భూమి రికార్డుల చట్టం ఏం చెబుతుందో, ఇవన్నీ ఆ అరుగు మీద లేచిన ప్రశ్నల నుంచే వెతుక్కోవాలి. ఎవరి ఇంట్లోనైనా పాత బైనామా కాగితం ఉంటే పేర్లు, సర్వే నంబర్లు కొట్టేసి ఫొటో పంపండి. అప్పటి రాత ఎలా ఉండేదో పిల్లలు చూడాలి.

నర్సంపేట_మిర్చి
మా తాతది ఉన్నది, రేకు పెట్టెల. పది రూపాయల స్టాంపు కూడా కాదు, ఉత్త నోటుబుక్కు కాగితం, ఐదు ఏలిముద్రలు. గేమ్ అన్నందుకు నేనే వస్త, తాత సంతకం ఎక్కడ పెట్టిండో నేనే చూపిస్త.

జోడేఘాట్_గాలి
చెల్లె రికార్డు చేసి పంపింది. పదకొండు నిమిషాలున్నది. నేను తెలుగుల రాయలే, పిల్లలు ముందుగాల ఇననీ.